మొక్కవోయిన చక్రకత్తికి ఇంటనే సాన

జాకెట్లు, లంగాలు, పిల్లల గౌనులు ఇంటిపట్టుననే కుట్టి నాలుగు రాళ్లు సంపాదించుకొను సోదరీమణులు జనగామలోను, మహబూబాబాదులోను, భూపాలపల్లిలోను పలువురు గలరు. వారి బల్లపై నేటికిని కత్తెరయే పెద్దదిక్కు. అయినను ఇటీవల కొందఱి యిండ్లలో దాని ప్రక్కన మఱియొక పనిముట్టు చేరినది. పిడి చివర గుండ్రని బిళ్ళవంటి పలుచని కత్తి యుండును. అది బట్టపై బండిచక్రమువలె దొరలుచు పోవును. దీనిని రోటరీ కట్టరు అందురు. మేము చక్రకత్తి యని పిలుచుచున్నాము. బట్టను పైకెత్తకుండ, మడత కదలకుండ, నాలుగు పొరలను ఒక్క యూపున కోయుట దీని గొప్ప. పది జాకెట్ల అస్తరు ఒక పూటలో కోయవలసిన వారికి ఇది చేతినొప్పి తగ్గించును.

చిక్కంతయు బిళ్ళతోనే యున్నది. కొన్ని వారములకే అది మొక్కవోవును. చిన్న పట్టణములలో క్రొత్త బిళ్ళ అంగడిలో తఱచుగా దొరకదు, తపాలాలో తెప్పించుకొనవలెను. వచ్చిన బిళ్ళ పిడికి సరిపడకపోవచ్చును. వచ్చువఱకు పని నిలిచిపోవును. పండుగ ముందు పని నిలిచినచో ఆ నెల సంపాదనయే పోవును. కావున “దీనికి ఇంట్లోనే సాన పట్టుకొనలేమా?” యను ప్రశ్న పుట్టుట సహజము. పట్టుకొనవచ్చును. అయితే ఎప్పుడు పట్టవలెనో, ఎప్పుడు పట్టకూడదో ఎఱిగి పట్టవలెను. ఈ విషయమున నోటినోట వ్యాపించిన చిట్కాలలో సగము పనికిరానివి.

“మొక్కవోని ధైర్యము” అని మనము వ్రాయుచుందుము. మొక్కవోవుట యనగా వాడి చెడుట. కత్తి అంచును భూతద్దముతో చూచినచో అది రెండు వాలుల కూడలి, ఇంటికప్పు నడికొప్పువంటిది. ఆ కొప్పు ఎంత సన్నమైన కత్తి అంత వాడి. వాడుకలో ఆ కొప్పు అరిగి గుండ్రబడును, లేదా ఒక ప్రక్కకు వంగును, లేదా గుండుసూదికి తగిలి చిన్న తుంపు విఱిగి నొక్కు పడును. కత్తికి వాడిని బయటినుండి తెచ్చి ఎవరును అంటించలేరు. రెండు వాలులును మఱల ఒకచోట కలియునట్లు అడ్డముగానున్న ఉక్కును అరగదీయుటయే సాన పట్టుట. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొన్నచో ఏ చిట్కా నిజమో, ఏది బూటకమో తామే తేల్చుకొనవచ్చును.

మొట్టమొదట అసలు కత్తి మొక్కవోయినదా యని చూడవలెను. నూలుబట్ట కోసినకొలది దూదినూగు బిళ్ళకును పిడికిని నడుమ చేరి చక్రమును తిరుగనీయదు. తిరుగని చక్రము ఒకేచోట రాచుకొని అక్కడ మాత్రమే అరుగును. బిళ్ళను జాగ్రత్తగా విప్పి, నూగు తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, మర మఱీ బిగించక మరల అమర్చిన మాత్రముననే “చెడిపోయిన” బిళ్ళ బాగుపడుట కలదు. క్రింద పఱచెడి కోతచాపను కూడ చూడవలెను. ఒకేచోట కోసి కోసి చాపపై చాలు పడినచో, బట్ట ఆ చాలులోనికి దిగి తెగకుండ మిగిలిపోవును. చాపను అటునిటు త్రిప్పి వేసికొన్నచో ఆ దోషము పోవును. చాపలేక చెక్కబల్లపైననో, గచ్చుపైననో కోయువారి బిళ్ళ నాలుగు దినములైనను నిలువదు. వారు సానరాయికన్న ముందు చాప కొనుట మంచిది.

ఇవి రెండును సరిగానున్నను బట్ట తెగనిచో, తెగని పోగులు ఎక్కడెక్కడ మిగులుచున్నవో కొలచి చూడవలెను. మన దర్జీలు వాడు బిళ్ళలలో సామాన్యమైనది 45 మిల్లీమీటర్ల వెడల్పుది. దాని చుట్టుకొలత సుమారు 141 మిల్లీమీటర్లు, అనగా జానెడుకంటె తక్కువ. ఒక్కొక్క పోగు సరిగా 14 సెంటీమీటర్లకొకటి చొప్పున మిగులుచున్నచో బిళ్ళపై ఒక నొక్కు పడినదని అర్థము. ఆ నొక్కు ఒక్కొక్క చుట్టునకు ఒకసారి బట్టను తాకుచున్నది. చిన్నదైన 28 మిల్లీమీటర్ల బిళ్ళకు ఈ దూరము సుమారు 9 సెంటీమీటర్లు. పెద్దదైన 60 మిల్లీమీటర్ల బిళ్ళకు సుమారు 19. అటుగాక అన్నిచోట్ల పోగులు చిక్కి, బలముగా నొక్కిననే గాని బట్ట తెగనిచో అంచు అంతటను గుండ్రబడినదన్నమాట. ఈ రెండవ జబ్బునకు సాన మందు. నొక్కునకు మాత్రము సాన పనికిరాదు. నొక్కును పోగొట్టవలెనన్న దాని లోతువఱకు బిళ్ళ చుట్టంతయు అరగదీయవలెను. ఆ శ్రమకు విలువ కట్టినచో క్రొత్త బిళ్ళయే చౌక. అట్టిదానిని కాగితపు నమూనాలు కోయుటకు వేఱుగా పెట్టుకొనవలెను.

ఇక అల్యూమినియపు రేకును నాలుగైదు మడతలు పెట్టి కోసినచో కత్తి వాడియగునను మాట. ఇది చాలమంది నమ్మినది. అల్యూమినియము ఉక్కుకంటె మెత్తనిది; మెత్తనిది గట్టిదానిని అరగదీయజాలదు. రేకును కోసినపుడు అంచుకు పట్టిన జిగురును నూగును కొంత తుడిచిపెట్టుకొనిపోవును. ప్రక్కకు వంగిన అంచు కొంత నిలువుకు రావచ్చును. అందువలన మొదటి పది గజములు మేలనిపించును, పిమ్మట మామూలే. రేకు వృథా, ఆశ వృథా. సన్నని ఇనుపపీచును కోసినను ఇంచుమించు ఇంతే.

ఉక్కును అరగదీయవలెనన్న ఉక్కుకంటె గట్టి రేణువులు కావలెను. ఇసుకరాతిలోని చెకుముకి రేణువులు సామాన్యపు కత్తులకు చాలును; మన పెద్దలు వాడిన సానరాళ్లు ఈ జాతివే. నేడు బజారున దొరకు నల్లని సానరాయి కార్బొరండముతో చేసినది. దీనిని అమెరికాలో అచెసన్ అను నతడు 1891 ప్రాంతమున విద్యుత్కొలిమిలో కనుగొనెను. కాఠిన్యమున వజ్రమునకు చేరువగా నుండును. ఇదే రేణువు అంటించిన నల్లని ఉప్పుకాగితము, అనగా నీటిలో తడిపి వాడునది, ఇనుపసామాను అంగళ్లలో అమ్ముదురు. చక్రకత్తికి రాయికన్న ఈ కాగితమే అనువు. 1000 అంకెగలది ఒకటి, 2000 అంకెగలది ఒకటి చాలును. అంకె పెరిగినకొలది రేణువు సన్నము.

పనివిధము చెప్పెదము. చీపురుకఱ్ఱవంటి గుండ్రని కఱ్ఱముక్కను జానెడు పొడవున కోయించి, దాని కొనకు సన్నని రంధ్రము వేయవలెను. బిళ్ళకు ఇరువైపుల వాషర్లు పెట్టి చదునైన తలగల మరమేకుతో ఆ కొనకు బిగించినచో, బిళ్ళ కుక్కగొడుగు తలవలె నిలుచును. బిళ్ళను పట్టుకొనునప్పుడు మందమైన చేతితొడుగు వేసికొనుట మఱువకూడదు. తరువాత బిళ్ళ వాలు అంచుపై నల్లసిరా కలముతో చుట్టును రంగు పూయవలెను. ఈ రంగే మనకు గురువు. ఒక అద్దపు పలకపై 1000 అంకె కాగితమును తడిపి అంటించి, కఱ్ఱను నిటారుగా పట్టి, ఎదుటివైపునకు కొలదిగా వంచి, ఒక్కసారి తనవైపునకు లాగవలెను. అంచు పోవు దిక్కున కాక దానికి ఎదురుదిక్కున లాగుచున్నాము గనుక కాగితము తెగదు, చేయి జాఱినను వ్రేలు అంచుకు తగులదు. ఇప్పుడు రంగు చూడవలెను. వాలు పైభాగమున మాత్రమే రంగు పోయినచో కఱ్ఱ చాలినంత వంగలేదు. కొసన మాత్రమే పోయినచో మఱీ వంగినది. వాలంతటను సమముగా పోయినపుడు కోణము కుదిరినట్లు. చేతికి ఆ వంపు అలవాటగువఱకు తొందరపడకూడదు. సాన చెడుట యంతయు ఇక్కడనే జరుగును.

కోణము కుదిరిన పిమ్మట ఒక్కొక్క లాగునకు కఱ్ఱను వ్రేళ్లతో ఇంచుక త్రిప్పుచు చుట్టంతయు పూర్తిచేయవలెను. ఎక్కడ ఆరంభించితిమో తెలియుటకు బిళ్ళ నడుమ చిన్న గుఱుతు పెట్టుకొనవలెను. ఒక చుట్టునకు ఇరువది లాగులు, అట్టివి రెండు మూడు చుట్లు చాలును. కాగితము ఎప్పుడును తడిగా నుండవలెను. పిదప మేకు విప్పి బిళ్ళను తిరుగవేసి రెండవ వైపున సరిగా అన్నియే లాగులు లాగవలెను. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అయినచో కత్తి ఒక ప్రక్కకు లాగుచు గీతనుండి తప్పును. అటుతరువాత 2000 అంకె కాగితముపై చేయి తేలికచేసి ఇరువైపుల ఒక్కొక్క చుట్టు. సాన పట్టునపుడు అంచున కంటికి కనబడని ఇనుపనూగు లేచును. దానిని పాత తోలుపట్టాపైననో, మడచిన వార్తాపత్రికపైననో అదే తీరున లాగి పోగొట్టవలెను. కడపట కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి తుడువవలెను. ఇంకను తడిగా నున్నదానిని పెట్టెలో పెట్టినచో తెల్లవారునప్పటికి త్రుప్పు. పరీక్షను వ్రేలితో చేయకూడదు. రెండు పొరల నూలుపేలికపై చేయవలెను.

ఇంత చేసినను ఫలమెంత? క్రొత్త బిళ్ళ వాడి రాదు. ఆ బిళ్ళలను కార్ఖానాలలో యంత్రములపై నూఱుదురు. మన చేయి అంత సమముగా నడువదు. సాన పట్టిన బిళ్ళ అస్తరు, నూలు, పాలిస్టరు కోయుటకు బాగుగ పనికివచ్చును. పట్టుబట్టకు, జరీ అంచుకు క్రొత్తదే వాడవలెను. ఒకరి పట్టుచీర జాకెట్టుముక్కపై పోగులు లేచినచో బిళ్ళపై మిగిలిన సొమ్ము నష్టపరిహారమునకు చాలదు. ఒక బిళ్ళకు రెండు మూడు మార్లు సాన చాలును, అంతకుమించి కూడదని మా అభిప్రాయము. లెక్క ఎవరికివారు వేసికొనవచ్చును. బిళ్ళ వెలను అది కోసిన జాకెట్ల సంఖ్యచే భాగించి ఒక చీటిపై వ్రాసికొనవలెను. సాన పట్టిన తరువాత మఱి ఎన్ని కోసినదో దాని క్రింద వ్రాయవలెను. కాగితముల వెలను, తాము వెచ్చించిన అరగంటను కూడ కలుపవలెను. ఆడుదాని అరగంట ఊరక వచ్చినదని ఎవరును లెక్కింపకుందురు గాక. నెలకొక బిళ్ళ మార్చువారికి ఇందు లాభము కనబడును. ఏడాదికి రెండు వాడువారికి ఈ శ్రమ దండుగ.

ఈ పాఱవేయు కత్తుల పుట్టుక కూడ పొదుపునుండియే యనుట విచిత్రము. జపానుదేశపు ఒసాకాలో అచ్చుకూటమున పనిచేసిన ఒకాడ యోషియో, కాగితములు కోసెడి క్షౌరపు బ్లేడు కొస మాత్రమే మొక్కవోయినను తక్కినదంతయు పాఱవేయవలసి వచ్చుట చూచి సహింపలేక, చాకొలెట్టు పలక గీతల వెంబడి తునుగునట్లు కొసను విఱిచి పాఱవేయదగిన కత్తిని 1956లో కల్పించెను. ఆయన నెలకొల్పిన ఓల్ఫా సంస్థయే 1979లో ఈ చక్రకత్తిని బజారునకు తెచ్చెను. పొదుపుకొఱకు పుట్టినదానికే నేడు మనము పొదుపుదారి వెదకుకొనుచున్నాము.

తెలంగాణమునకు ఉక్కు క్రొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలో కరగించి చేసిన ఉక్కుముద్దలను కొనుటకు పారసీకపు వర్తకులు అంతదూరము వచ్చెడివారని 19వ శతాబ్దపు తొలి దశకములలో అక్కడికి వెళ్లిన వాయ్సీ అను ఆంగ్లేయుడు వ్రాసియున్నాడు. ఆ జాతి ఉక్కుతో పడమటిదేశములలో చేసిన ఖడ్గములు డమాస్కసు కత్తులని పేరొందినవి. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారపు ఇనుపఖనిజము సంగతి 2014 నాటి రాష్ట్రవిభజన చట్టము మొదలు ఉక్కు కర్మాగారపు చర్చలలో వినబడుచునే యున్నది. ఆ ఊరి చెఱువు శాసనము మాత్రము కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబది. ఆమె పేరు చెప్పకుండ బయ్యారమును దాటుటకు మాకు మనసొప్పలేదు. భూపాలపల్లిలో బొగ్గుపొరలతో కూడియున్న రాళ్లలో అధికభాగము ఇసుకరాళ్లే. ఇనుమును, రాయిని, రెంటిని ఎఱిగిన నేల యిది. సాన పట్టు నేర్పు ఇక్కడ పరాయిది కాజాలదు.

చక్రకత్తి లేని యిండ్లు వేయింట తొమ్మిదివందలకు తక్కువ యుండవు. వారి కత్తెరను గూర్చి కొంత చెప్పుట న్యాయము. కత్తెర బట్టను నమలుచున్నచో మొదట నూఱుటకు పోవలదు. నడుమనున్న కీలుమేకు వదులైనదేమో చూడవలెను. రెండు రెక్కలు ఒకదానినొకటి ఒరసికొనిననే గాని బట్ట తెగదు. వదులుగా నున్నచో వాడి కత్తెరయు బట్టను మడచి మింగును. బిగించినను తెగనిచో వెలుపలి వాలును మాత్రమే రాతిపై, పిడివైపునుండి కొసకు, ఒకే కోణమున నూఱవలెను. రెక్కల లోపలి ముఖమును ఎన్నడును వాలుగా నూఱకూడదు; అది చెడినచో రెక్కలు కలియవు, కత్తెర పోయినట్లే. ఉప్పుకాగితమును కత్తిరించుచు పోయినచో కత్తెర వాడియగునని కొందఱందురు. అంచు గరుకై కొన్నాళ్లు పట్టు దొరకును గనుక కాగితపు కత్తెరకు అది చాలును, దర్జీకత్తెరకు వలదు. పండ్లకత్తెరను, అనగా బట్టను వంకరటింకరగా కోయుదానిని, ఇంట ముట్టకూడదు.

కత్తిపీటకు రాతిపై కత్తిని కాక కత్తిపై రాతిని నడుపవలెను. పీటను కాలితో త్రొక్కిపట్టి, తడిరాతిని మొదటినుండి కొసవఱకు, వీపువైపునుండి అంచువైపునకు కాక, అంచువైపునుండి వీపువైపునకు రాయవలెను. చేయి జాఱినను అంచుకు దూరముగా పోవును. సానరాయి లేనిచో ఊరగాయజాడీని బోర్లించి చూడుడు. అడుగు అంచున మెఱుగు పూయని గరుకువలయము కానవచ్చును. కాలిన మట్టియే గాని కూరలకత్తిని అరగదీయుటకు చాలినంత గట్టిది. కూరలు తఱుగుటకు ముందు కత్తిని పింగాణిగిన్నె అడుగున నాలుగుమార్లు లాగుట ఊరక వచ్చిన అలవాటు కాదు.

సైకిలుపై సానచక్రమును త్రిప్పుచు వీధి వెంబడి వచ్చువాడు కనబడుట నానాటికి తగ్గుచున్నది. వచ్చినపుడు కత్తెరలు, కొడవళ్లు అతనికిచ్చుట మంచిదే. పెద్ద కత్తెర అతని చేతిలో మన చేతికన్న బాగుపడును. అయితే ఎండురాతిపై నిప్పురవ్వలు రాలునట్లు అదేపనిగా ఒత్తుచున్నచో ఆపి నీటిలో ముంచుమని చెప్పవలెను. ఉక్కు అంచు వేడెక్కి మొదట గడ్డిపసుపు, పిమ్మట ఊదా, ఆపై నీలిరంగు తిరుగును; నీలమైనచో అంచు మెత్తబడినది, ఎంత నూఱినను వాడి నిలువదు. పలుచని చక్రకత్తిని అతని చక్రముపై పెట్టనీయరాదు. కన్ను మూసి తెఱచునంతలో నీలమగును.

ఇక పనికిరాని బిళ్ళల మాట. కొందఱు కాగితమున చుట్టి చెత్తబుట్టలో వేయుదురు. ఆ చెత్తను వేఱుచేయు పురపాలక కార్మికులలో స్త్రీలు ఎందఱో గలరు. కాగితములోని బిళ్ళ వారి యఱచేతికి తగులు వఱకు తెలియదు. మూతగల పాలడబ్బా యొకటి కుట్టుబల్ల క్రింద నుంచి, మూతకు బిళ్ళ పట్టునంత చీలిక పెట్టి, విఱిగిన సూదులు, వంగిన గుండుసూదులు, అరిగిన బిళ్ళలు అందులోనే వేయవలెను. నిండిన పిమ్మట చీలికపై గట్టి అట్టను అంటించి, మూతను పట్టీతో బిగించి, డబ్బాపై “కత్తులు” అని పెద్ద అక్షరములతో వ్రాసి, పాతయినుము కొనువానికి చేతికిచ్చి చెప్పి పంపవలెను.